నీటి కింద బడి

మా అబ్బాయి చైతన్య కాలేజీ వదిలేసి ఇంటికి వచ్చిన రోజున మేం టమోటా మొదటి కోతలో ఉన్నాం. మా ఆయన ఉమాశంకర్ పొద్దున్నే మదనపల్లె మండీలో సరుకు దించి, తిరుగుదారిలో హాస్టల్‌కు వెళ్లి, వాణ్ని, వాడి ట్రంకుపెట్టెను ఖాళీ క్రేట్ల మధ్య కూర్చోబెట్టుకొని తెచ్చాడు. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. రాయలేనన్నాడట. బండి దిగి నా ముఖం వైపు చూడకుండా, కాళ్లయినా కడుక్కోకుండా నేరుగా లోపలికి పోయి, మా అక్క కొడుకు సాయికుమార్ బెంగుళూరు నుంచి తెచ్చిచ్చిన పాత ల్యాప్‌టాప్ తెరిచాడు.

నేను వెనకే వెళ్లి మంచినీళ్ల చెంబు పక్కన పెట్టాను. అది సాయంత్రం దాకా అట్లాగే ఉంది.

వాడి స్నేహితుడు మునిరత్నం హాస్టల్ నుంచి కనిపించకుండా పోయింది ఫిబ్రవరిలో. ఆ పిల్లవాడిది కుప్పం దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి కెంపమ్మ ఆవులు పెట్టుకొని బతుకుతుంది. దసరా సెలవుల్లో రత్నం మా ఇంటికి వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. పొద్దున నాతోపాటు తోటకు వచ్చి చెట్లకు కట్టెలు నాటేవాడు, మధ్యాహ్నం ఎండకు ఇద్దరూ ఈ ల్యాప్‌టాప్ ముందు చేరేవాళ్లు. అది జపాన్‌వాళ్ల ఆట. వీడు మీటలు నొక్కితే, రత్నం తెరమీద వచ్చే ఇంగ్లీషును కూడబలుక్కుంటూ చదివి తెలుగులో చెప్పేవాడు. వంటింట్లోకి నవ్వులు వినిపించేవి. సెలవులైపోయి బస్సెక్కేటప్పుడు, పరీక్షలు కాగానే వస్తానని, తాను లేకుండా ముందుకు ఆడొద్దని వీడితో ఒట్టు వేయించుకున్నాడు.

ఎండాకాలం వచ్చింది. రత్నం ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

వీడు పలకరిస్తే పలకడు. పెడితే తింటాడు, లేకపోతే లేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే గోడ వైపు తిరుగుతాడు. ఏం చేయాలో తోచక, ఒక మధ్యాహ్నం చింతపండు బుట్ట తెచ్చుకొని వాడి పక్కనే గింజలు తీస్తూ కూర్చున్నాను. తెర మీద నీలం చొక్కాల పిల్లలు బడి వరండాలో అటూ ఇటూ నడుస్తున్నారు. వాళ్లలో ఒక అమ్మాయి ఉన్నట్టుండి గట్టిగా "నాని!" అని అరిచింది.

"నానీ ఎవుర్రా?" అన్నాను.

జవాబు రాదనే అనుకున్నాను. వాడు తల తిప్పాడు. "నాని అంటే మనిషి కాదు మా. వాళ్ల బాసలో 'ఏమి' అని అర్తం."

"ఏమికి నాని అంటారా? అట్లయితే మన పక్కింటి సుశీలమ్మను ఆడికి తీసకపోయి వాళ్ల మనవడు నానీని పిలవమంటే, ఊరోళ్లంతా ఏమీ ఏమీ అనుకుంటా ఎగబడతారు."

వాడి పెదవి చివర కాస్త కదిలింది. ఇంటికి వచ్చాక అదే మొదటిసారి. ఆ కదలిక కోసం నేను రోజూ చింతపండు బుట్టతో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాను. చింతపండు అయిపోయాక అనపకాయలు, అవీ అయిపోయాక ఉత్త చేతులే.

అట్లా నాకు ఆ ఆట తెలిసింది. కొండల మధ్య ఒక చిన్న ఊరు. ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన ఒక అబ్బాయి అక్కడ అత్త ఇంట్లో ఉంటూ బడికి వెళతాడు. వాడికి మావాడు పెట్టిన పేరు చైతూ. పొద్దున తరగతులు, సాయంత్రం స్నేహాలు. రోజు ముగిసినప్పుడల్లా తెర మీద క్యాలెండరు కాగితం తిరిగిపడుతుంది. ఆ ఊరికి పైన ఒక పెద్ద ఆనకట్ట ఉంది. అది కట్టినప్పుడు మునిగిపోయిన పల్లె, ఆ పల్లె బడి నీటి కిందే ఉన్నాయి. ఎండలకు నీళ్లు తగ్గి ఆ బడి పైకప్పు కనిపించే రోజుల్లో ఊళ్లో పిల్లలు ఒక్కొక్కరుగా మాయమవుతారు. మనసు విరిగిన పిల్లలకు ఆ కింది బడి గంట వినిపిస్తుందట. పోయి అక్కడి బెంచీ మీద కూర్చున్నవాళ్లు తిరిగి లేవలేరు. చైతూ, అతని స్నేహితులు లోపలికి దిగి, నీళ్లతో చేసిన పంతుళ్లతో పోట్లాడి, వానలొచ్చి ఆనకట్ట నిండేలోగా వాళ్లను బయటికి తేవాలి. ఎవరు ఇదంతా చేస్తున్నారో కనిపెట్టాలి.

"అందరూ పిల్లోళ్లే పోతారా? పెద్దోళ్లు ఎవురూ పోరా?" అని అడిగాను.

"పెద్దోళ్లకు ఆ గంట ఇనపడదు మా."

వాళ్లలో హరువో అని ఒక బక్కపిల్లవాడు. ముందు బెంచీలో కూర్చొని మాటిమాటికీ వెనక్కి తిరిగి నవ్వుతాడు. వాళ్ల నాయనకు సైకిల్ రిపేరు అంగడి. బడి వదిలిన వెంటనే తెర మీద ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో మూడు వరసలుంటాయి. లైబ్రరీలో కూర్చొని చదువుకోవడం, హరువోతో ఏటిగట్టుకు పోవడం, ఇంటికి పోవడం. ఏది నొక్కితే చైతూ అది చేస్తాడు. మావాడు ఎప్పుడూ హరువోతో పోవడమే నొక్కేవాడు. వాళ్లిద్దరూ గట్టు మీద కూర్చొని ఏదో తింటూ మాట్లాడుకునేవాళ్లు. ఆ తర్వాత ఒక వాన రోజు వస్తుంది. బడి గంట మోగుతుంది. హరువో బెంచీ ఖాళీగా ఉంటుంది.

కొన్నాళ్లకు నాకు ఒక సంగతి తట్టింది.

"రేయ్, ఇది నిన్న కూడా సూసినాం గదా? ఆ యమ్మి గొడుగు మరిసిపోయేది, ఆ అయ్యవారు సుద్దముక్క ఇసిరేది..."

"సూసినాం."

"మొన్న కూడా."

వాడు బెంచీ ఖాళీ అయిన ప్రతిసారీ ఆటను వెనక్కి తిప్పి ఆ వారం మొదటికి తెచ్చుకుంటున్నాడు. సోమవారం, మళ్లీ ఏటిగట్టు, మళ్లీ వాన, మళ్లీ ఖాళీ బెంచీ. ఒకసారి హరువోకు కొత్త సైకిల్ బెల్లు కొనిచ్చాడు. ఒకసారి అతని ఇంటిదాకా వెళ్లి దిగబెట్టాడు. ఒకసారి అసలు బడికే పోకుండా ఆ అంగడి ముందే రోజంతా నిలబెట్టాడు చైతూను. గంట మోగుతూనే ఉంది.

నేను తోటలోకి వెళ్లి సాయికుమార్‌కు ఫోన్ చేశాను.

"అది కతలోనే ఉండాది చిన్నమ్మా" అన్నాడు. "ఏం జేసినా హరువో తప్పిపోయేది తప్పిపోయేదే. ఆట అట్లా రాసిపెట్టినారు. ముందుకు పోతే ఎదికి తెచ్చుకోవచ్చు."

"వీనికి తెలీదేమో. నువ్వన్నా చెప్పరాదా?"

"ఒకటి రెండుసార్లకే తెలిసిపోతాది చిన్నమ్మా ఎవురికైనా. మన చైతూకి తెలుసు."

ఆ రోజు మా ఆయన మండీ నుంచి వచ్చేసరికి చికాకుగా ఉన్నాడు. నాసిరకం కాయ ఎక్కువుందని దళారి క్రేట్లు పక్కన పెట్టించాడట. చెప్పులు విడవకుండానే గడపలో నిలబడి కొడుకును చూశాడు.

"సప్లిమెంటరీ ఫీజు కట్టేకి ఇంగ రెండు దినాలే గడువుండాది. కట్టల్లా వద్దా?"

వాడు తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

"ఈ బొమ్మలు ఉద్యోగమిస్తాయా నీకు? మూసెయ్ దాన్ని."

"ఉండనీ" అన్నాను నేను. "దాంతోనన్నా మాట్లాడతాండాడు."

ఆయన నన్ను బయటికి పిలిచి గొంతు తగ్గించాడు. "అమరా, పోలీసు స్టేషన్ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. పిల్లోడ్ని ఇంకోసారి అడగల్లంట. వానికేమీ తెలీదని చెప్పేసినా."

"తెలీదని నీకెట్ల తెలుసు?"

"తెలిసినా తెలీదనే చెప్పల్ల. ఆ కాలేజీ ఎట్లాంటోళ్లదో నీకు తెలీదు. మన బిడ్డ మన కండ్ల ముందర ఉండాడు. నాకంతే సాలు."

ఆయన పిరికివాడు కాదు. బావిలో పడిన దూడ కోసం ముందూ వెనకా చూడకుండా దిగినవాడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం నా కళ్లలోకి చూడలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆటలో మళ్లీ అదే వారం నడుస్తోంది. బడి గోడ మీద రేపు పరీక్ష అని కాగితం అంటించి ఉంది. నేను పదో తరగతి దాకా చదివినదాన్నే, ఆ మాత్రం ఇంగ్లీషు కూడబలుక్కోగలను. మూడు వరసల పెట్టె తెరుచుకుంది. హరువో చైతూ ముందు నిలబడి, సంచీ భుజాన వేసుకొని ఎదురుచూస్తున్నాడు.

"పరీచ్చ రేపేనంట గదరా. ఈ ఒక్క దినం ఆ పిల్లోడ్ని సదువుకోనీ" అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని అన్నదే. "హరువో యాడికి పోతాడు? రేపు కలిసేది గదా."

వాడి వేలు మీట మీద ఆగిపోయింది. ఆ పెట్టె ఎవరినీ తొందరపెట్టదు. ఎంతసేపైనా అట్లాగే ఉంటుంది. వెనక చిన్నగా సంగీతం తిరిగి తిరిగి వస్తోంది.

"నేనదే చెప్పినా మా."

"ఎవురికి?"

"రత్నానికి."

తెర వైపే చూస్తూ చెప్పాడు. వారాంతం పరీక్షలో రత్నానికి మార్కులు తగ్గాయి. స్టడీ అవర్లో వైస్‌ప్రిన్సిపాల్ పిలిచి, ఆడపిల్లల సెక్షన్ కూడా చూస్తుండగా మోకాళ్ల మీద నిలబెట్టాడు. 'నీకు ఆవులు మేపుకునేదే కరెక్టురా, మీయమ్మకు ఫోన్ చేసి ఒక తాడు తెమ్మని చెప్తా' అన్నాడు. హాలంతా నవ్వింది. వీడూ నవ్వాడు. నవ్వకపోతే సార్ తన వైపు తిరుగుతాడని నవ్వాడు. సాయంత్రం రత్నం వీడి మంచం దగ్గరికి వచ్చి, 'బయటికి పోదాం రారా, ఊరికే కొంచేపు నడిసొద్దాం' అన్నాడు. రేపు పరీక్ష ఉంది, నువ్వు పోయి రా అన్నాడు వీడు. రత్నం సరే అని, వంటశాల వెనక గోడ ఎక్కాడు. గోడ మీద కూర్చొని ఒకసారి వెనక్కి తిరిగి చూశాడట. వీడు పుస్తకంలోకి చూశాడు.

"పోలీసోళ్లకు ఇదంతా చెప్పలేదా నాయనా?"

"ఆ వైస్‌ప్రిన్సిపాల్ సార్ పక్కనే కూర్చోనుండె మా. తెలీదన్నా."

నా ఒళ్లో అనపగింజలు కిందికి దొర్లిపోతున్నాయి. వాణ్ని దగ్గరికి తీసుకోవాలో, కొట్టాలో, ఏం చేయాలో తెలియలేదు. గింజలు ఏరుతూ ఉండిపోయాను. వాడు చాలాసేపటికి హరువోతో పోవడం నొక్కాడు.

మర్నాడు మా ఆయన లోడుతో మదనపల్లె బయల్దేరిన తర్వాత నేనూ వాడూ మాకు దగ్గరి పుంగనూరులో పలమనేరు బస్సెక్కాం. అక్కడ దిగి కుప్పం బస్సు పట్టుకున్నాం. వాడిని ఎక్కడికని చెప్పకుండానే తీసుకుపోయాను. వి.కోట దాటేసరికి వాడికి అర్థమైంది. కిటికీ కమ్మీ పట్టుకున్నాడు కానీ దిగిపోతానని అనలేదు.

కెంపమ్మ ఇల్లు కుప్పానికి ఆవల. రేకుల కప్పు, పక్కన కొట్టం. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. నాకంటే చిన్నదే అయ్యుంటుంది. వాకిట్లో పచ్చిగడ్డి కట్టలు విప్పుతూ, మమ్మల్ని చూసి లేచింది. వాడిని చూసిన క్షణంలో ఆమె ముఖంలో ఒక ఆశ లేచింది. అది నేను చూడకుండా ఉండాల్సింది.

"ఏమన్నా తెలిసిందా సామీ?"

"లేదమ్మా" అన్నాడు వాడు. అని, నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు. నాకు చెప్పినట్టు తెర వైపు చూస్తూ చెప్పడానికి అక్కడ తెర లేదు. ఆమె ముఖం వైపే చూసి చెప్పాల్సి వచ్చింది. నవ్విన సంగతి కూడా దాచలేదు. ఆమె గడ్డి పరకలను వేళ్లతో సర్దుతూ విన్నది.

"ఆవులు మేపుకోమన్నాడా?" అంది చివరికి.

"అవునమ్మా."

ఆమె కొట్టం వైపు చూసింది. "ఆవులు మేపేది అంత తప్పా అక్కా?" అని నన్ను అడిగింది. తర్వాత వాడి వైపు తిరిగి, "గోడ దిగి ఏ పక్కకు పోయినాడు?" అంది.

"బస్టాండు పక్కకు."

"ఇన్నాళ్లకు ఒక పక్కన్నా చెప్పినావు. నేను దిక్కు తెలీకుండా తిరగతా ఉంటి."

"నేను కూడా పోయుంటే..." అన్నాడు వాడు.

"నువ్వూ పోయుంటే మీయమ్మ కూడా నా మాదిరే ఫోటో పట్టుకోని బస్సులెక్కతా ఉండును" అంది కెంపమ్మ. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే వాడు తట్టుకునేవాడు. వాడు వాకిట్లోనే కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఆమె లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది. వాడు తాగేదాకా ఎదురుగా కూర్చుంది. అప్పుడు అడిగింది. "దసరాకు వచ్చినప్పుడు మావోడు ఏందో నీళ్ల కింద బడి కత చెప్తా ఉండె. పాలు పిండేటప్పుడంతా అదే గోల. ఆ కత యాడిదాకా వచ్చింది?"

"హరువో తప్పిపోయినాడమ్మా."

"అయ్యో, ఆ సైకిల్ అంగడి పిల్లోడా?" నిజంగానే ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "దొరికినాడా?"

"ఇంగా లేదు."

"దొరికితే చెప్పు సామీ" అంది.

మేము పుంగనూరులో దిగేసరికి మా ఆయన బండిలో కూర్చొని ఉన్నాడు. బస్సెక్కడం ఎవరో చూసి చెప్పినట్టున్నారు. అరుస్తాడనుకున్నాను. వాడి ముఖం చూసి ఆగిపోయాడు.

"చెప్పేసినాడా?" అన్నాడు నాతో.

"చెప్పినాడు. రేపు పోలీసోళ్లకు కూడా చెప్తాడంట."

బండి తాళం తిప్పబోయి ఆగాడు. "రేపు స్టేషన్‌కు నేనూ వస్తా" అన్నాడు.

మరుసటి రోజు కెంపమ్మ కూడా మదనపల్లె వచ్చింది. నలుగురం బెంచీ మీద వరసగా కూర్చున్నాం. లోపలికి పిలిచాక వాడు మళ్లీ అంతా చెప్పాడు. ఎస్సై మంచివాడిలాగే ఉన్నాడు. రాసుకున్నాడు, రాయించాడు, కాలేజీకి ఫోన్ చేసి పక్క గదిలోకి వెళ్లి మాట్లాడాడు. తిరిగి వచ్చి మా ఆయనను పక్కకు పిలిచాడు, కానీ ఆ గది చిన్నది. అందరికీ వినిపించింది.

"మీవాడు పరీక్షలు కూడా రాయలేదంట గదా. దినమంతా వీడియోగేములు ఆడతా ఉంటాడంట. పిల్లోళ్లు తప్పిపోయే ఆటంట. అదీ ఇదీ కలిసిపోయిందేమో వాని బుర్రలో అంటాండారు వాళ్లు. ఒకసారి మంచి డాక్టరుకు సూపించండి. మేం మా ప్రయత్నం మేం చేస్తాం."

"ఆట సంగతి వాళ్లకెట్లా తెలుసు సార్?" అన్నాడు మా ఆయన.

ఎస్సై కాగితాలు సర్దుకున్నాడు. మా ఆయన మళ్లీ అడగలేదు. ఫీజు గడువు దాటిందని కాలేజీకి ఫోన్ చేసి బతిమాలినప్పుడు, కొడుకు దినమంతా ఏం చేస్తున్నాడో చెప్పుకొని బాధపడింది తానే. అది నాకూ తెలుసు.

బయటికి వచ్చాక కెంపమ్మ బస్టాండు వైపు నడిచింది. రత్నం పోయింది ఆ పక్కకే కదా అని, దారిలో ఉన్న ప్రతి అంగడి ముందూ ఆగి ఫోటో చూపించింది. మావాడు ఆమెతోపాటు నడిచాడు. చూసినవాళ్లు లేరు. ఇన్ని నెలల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? బస్టాండులో సీసీ కెమెరా ఉంది. అందులో పాత బొమ్మలు ఎప్పటికప్పుడు చెరిగిపోతాయని అక్కడివాళ్లు చెప్పారు.

డాక్టరుకు కూడా చూపించాం. నిద్ర మాత్రలిచ్చాడు.

ఆ తర్వాత కెంపమ్మ ఆదివారం ఆదివారం వాడికి ఫోన్ చేసేది. ఎక్కువ మాట్లాడేది కాదు. తిరుపత్తూరులో ఒక హోటల్లో పనిచేసే కుర్రాడు రత్నంలా ఉన్నాడని ఎవరో చెబితే పోయి వచ్చిందట, కాదట. జోలార్‌పేట రైల్వే స్టేషన్లో చూశామన్నారట, అక్కడా లేడట. చివర్లో అడిగేది. "ఆ పిల్లోడు దొరికినాడా?"

"ఇంగా లేదమ్మా" అనేవాడు వాడు. ముందుకు ఆడలేదు మరి. సోమవారం దగ్గరే ఆగి ఉంది ఆట. వెనక్కి తిప్పడం కూడా మానేశాడు. పొద్దున మా ఆయనతో తోటకు వచ్చి క్రేట్లు మోసేవాడు. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెరిచి, ఆ గట్టు మీద కూర్చున్న ఇద్దరు పిల్లలను కాసేపు చూసి మూసేసేవాడు. ఆమె అడిగినదల్లా, వెతికితే దొరికే వీలున్న ఆ ఒక్క పిల్లవాడి గురించే అని నాకు తర్వాత తర్వాత అర్థమైంది. వాడికి ముందే అర్థమైందనుకుంటాను. అయినా వాడివల్ల కాలేదు. రత్నం లేకుండా ముందుకు ఆడనని వాడు ఒట్టు వేశాడు.

జూన్‌లో వానలు పడ్డాయి. ధర పడిపోయి కోత కూలి కూడా దండగ అనిపించి, చివరి కాయను చెట్టుకే వదిలేశాం. ఆ ఆదివారం పొద్దుటి నుంచి ముసురు. తోటలో పని లేదు. మా ఆయన గడపలో కూర్చొని తడిసిన గోతాలు ఆరబెట్టే దారి లేక వాటివైపు చూస్తున్నాడు. ఫోన్ మోగింది. వాడు స్పీకర్ పెట్టాడు.

కెంపమ్మ గొంతు అలిసిపోయి ఉంది. ఏమీ చెప్పలేదు, ఎక్కడికి పోయి వచ్చిందో కూడా. "ఈడ వాన పట్టింది సామీ" అంది. ఎప్పటిలాగే, "దొరికినాడా ఆ పిల్లోడు?" అంది.

వాడు నా వైపు చూశాడు. తర్వాత వాళ్ల నాయన వైపు చూశాడు. "ఉండమ్మా" అన్నాడు. "పెట్టేయొద్దు. ఇప్పుడే ఎదకతా."

ల్యాప్‌టాప్ పక్కన ఫోన్ పెట్టుకొని, ఆ సోమవారాన్ని దాటించాడు. వాన రోజును దాటించాడు. ఖాళీ బెంచీని దాటించాడు. వెనక్కి తిప్పలేదు. "ఆనకట్ట మీందికి వచ్చినాం అమ్మా" అని చెబుతున్నాడు. "పైకప్పు కనపడతాండాది. దిగతాండాము." అక్కడినుంచి పోట్లాట. నీళ్ల పంతుళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి వస్తున్నారు. ఒకసారి ఓడిపోయాడు, మళ్లీ మొదలుపెట్టాడు. అవతల కెంపమ్మ ఊపిరి వినిపిస్తోంది, ఆమె ఇంటి రేకుల మీద వాన వినిపిస్తోంది. మా ఆయన గోతాలు వదిలేసి వచ్చి వాడి వెనక నిలబడ్డాడు.

చివరికి తరగతి గది తలుపు తెరుచుకుంది. మోకాలి లోతు నీళ్లు. బెంచీ మీద హరువో తల వంచుకొని కూర్చొని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. మూడు వరసల పెట్టె తెరుచుకుంది.

"వాడు లేయలేదమ్మా. ఏం చెయ్యల్లో అడగతాండాది" అన్నాడు చైతన్య. ఒక్కొక్క వరసా తెలుగులో చదివాడు. "తప్పు నీది కాదు అని చెప్పు. ఇంటికి పోదాం రా అని పిలువు. ఏమీ అనకుండా పక్కన కూర్చో. ఏది నొక్కల్లమ్మా?"

అవతల వాన చప్పుడు మాత్రమే ఉంది.

"కూర్చో సామీ" అంది కెంపమ్మ. "వానికి మాటలు నచ్చవు. ఊరికే పక్కన కూర్చో."

నొక్కాడు. చైతూ నీళ్లలో నడిచి వెళ్లి అదే బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపు ఎవరూ కదలలేదు. ఇంట్లో కూడా. అప్పుడు హరువో తల ఎత్తాడు.

"లేసినాడమ్మా. లేసినాడు. బయటికి తెస్తాండాము."

గుడ్డపేలికలా ఉన్న ఆ పిల్లవాణ్ని భుజాల మీద వేసుకొని మెట్లెక్కించారు. ఆ తర్వాత ఒక ఆసుపత్రి గది. తెల్లటి మంచం, కిటికీ, కిటికీలో కొండ. స్నేహితులందరూ చుట్టూ నిలబడి నవ్వుతున్నారు. హరువో దిండుకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు.

"ఆస్పత్రిలో ఉండాడమ్మా. బాగుండాడు."

ఫోన్‌లో చిన్న శబ్దం వచ్చింది. నవ్వో, ఏడుపో తెలియలేదు.

"అన్నం పెట్టినారా వానికి?"

వాడు తెరంతా వెతికాడు. మంచం పక్కన ఒక పూలకుండీ ఉంది. నీళ్ల గ్లాసు కూడా లేదు. నేనూ వెతికాను. మా ఆయన కూడా ముందుకు వంగి వెతికాడు.

"పెట్టినారమ్మా" అన్నాడు చైతన్య.

"ఏం పెట్టినారు?"

"అన్నం... చారు. వేడిగా ఉండాది."

"అయితే సల్లారకముందే తినమను" అంది కెంపమ్మ. "తినమని చెప్పు సామీ, నేను ఇనుకుంటా ఉండా."

వాడు తెర దగ్గరికి వంగాడు.

"తినరా" అన్నాడు.